పొగ కనబడకపోతే చాలదు: డీజిల్ బండ్ల పరీక్ష మారాలి

లారీ, వ్యాను, కారు యజమానులారా! డ్రైవర్ అన్నలారా!

పెట్రోలు బంకు పక్కన ఆగి ఉండే పొల్యూషన్ వ్యాను దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమంటారు. సైలెన్సర్‌కు తగిలించిన మీటరు పొగ ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. బీఎస్-4 డీజిల్ బండికి ఆ అంకె 1.62 దాటకూడదు, బీఎస్-6కు 0.7 దాటకూడదు. చేతికి సర్టిఫికెట్ వస్తుంది.

నల్లగా పొగ కక్కే పాత ఇంజన్లకు ఈ పరీక్ష సరిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 బండ్లలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంది. పెద్ద లారీల్లో యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచే ఏర్పాటూ ఉంది. ఫిల్టర్ లోపలి భాగం తీసేసి, పైడబ్బా మళ్లీ వెల్డింగ్ చేసి, రీమ్యాప్‌తో వార్నింగ్ లైటు వెలగకుండా చేసిన బండి కూడా ఈ మీటరు ముందు నెగ్గిపోగలదు. అతి సన్నటి మసి రేణువులు దానికి అందవు. నైట్రోజన్ ఆక్సైడ్లనైతే అది కొలవనే కొలవదు.

ఫిల్టర్ ఎందుకు తీయిస్తున్నారో మాకు తెలియక కాదు. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగే బండికి ఫిల్టర్ మూసుకుపోతుంది. లోపలి మసి కాలిపోవాలంటే కాసేపు హైవే మీద పరుగు తీయాలి. పికప్ పడిపోతుంది, షోరూములో మార్చాలంటారు, బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. గ్యారేజీలో “తీసేద్దాం అన్నా” అంటే తల ఊపక ఏం చేస్తారు? కానీ ఆ పొగ మొదట పీల్చేది మీరూ, మీ క్లీనరూ, కూడలిలో నిలబడ్డ కానిస్టేబులూ. డీజిల్ పొగ మనుషుల్లో కేన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2012లోనే తేల్చింది.

బెల్జియం 2022లో, నెదర్లాండ్స్, జర్మనీ 2023లో రేణువులను లెక్కపెట్టే యంత్రాన్ని తనిఖీలోకి తెచ్చాయి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగానే, ఫిల్టర్ పగిలినా తీసేసినా లెక్క ఇట్టే పెరిగి పట్టుబడుతుంది. మన దగ్గరా అదే రావాలి. ముందు బీఎస్-6 డీజిల్ బండ్లకైనా పెట్టాలి.

శిక్ష విషయంలోనూ అన్యాయం ఉంది. మోటారు వాహనాల చట్టం 182-ఎ(4) ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. తీసేద్దామని డబ్బు తీసుకున్న గ్యారేజీ ప్రస్తావన ఆ నిబంధనలో లేదు. అది చేర్చాలి. ఫిల్టర్‌ను అందుబాటు ధరకు శుభ్రం చేసే కేంద్రాలు జిల్లాకొకటైనా పెట్టాలి. అవి లేకుండా కేసులు మాత్రం రాస్తే మేము ఒప్పుకోం.

పొగ పరిమితులు రాసిన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 115వ నియమాన్ని మార్చాల్సింది ఢిల్లీలోని రవాణా మంత్రిత్వ శాఖ. అందుకే అర్జీ మీ ఎంపీకి ఇవ్వండి, నకలు జిల్లా రవాణా అధికారికి ఇవ్వండి. ఈలోగా ఎవరు ఎంత నచ్చజెప్పినా మీ బండి ఫిల్టర్ మీద గ్రైండర్ పెట్టనివ్వకండి.