లీవ్ లెటర్‌లో ‘ఫీవర్’ అని కాకుండా అసలు పేరు రాయండి



పోయిన ఫిబ్రవరిలో యూనిట్ టెస్ట్ రోజు మా ఆరో తరగతి బాబు ఒకడు ఎండలో కూడా ఫుల్ హ్యాండ్స్ షర్టు వేసుకుని వచ్చాడు. మెడ మీద పౌడర్ దట్టంగా ఉంది. పరీక్ష సగంలో వీపు గోక్కోవడం మొదలుపెట్టాడు. కాలర్ పక్కకు జరిపి చూస్తే నీటిపొక్కులు. ‘‘టెస్ట్ అయ్యేదాకా చెప్పొద్దన్నారు మిస్, మా డాడీ’’ అన్నాడు నెమ్మదిగా.

ఆ నాన్నగారిని తప్పుపట్టలేకపోయాను. అంతకుముందు నెలలోనే స్టేజ్ మీద ఆ బాబుకు ‘హండ్రెడ్ పర్సెంట్ అటెండెన్స్’ సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. ఆయన ముందు వరసలో కూర్చుని ఫోటో తీసుకున్నారు.

రెండు వారాల తర్వాత ఒకే వారంలో తొమ్మిది మంది పిల్లలు రాలేదు. లీవ్ లెటర్లన్నిటిలో ఒకటే మాట: ఫీవర్.

ఆటలమ్మకు కారణం వేరిసెల్లా జోస్టర్ అనే వైరస్. అది ఉన్న పిల్లల పక్కన కూర్చుని అదే గాలి పీలిస్తే చాలు, ముక్కు, గొంతు దారిలో లోపలికి పోతుంది. వెంటనే ఏమీ కనిపించదు. ముందు లింఫ్ గ్రంథుల్లో పెరిగి, తర్వాత రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి, చివరికి చర్మానికి చేరి పొక్కులుగా బయటపడుతుంది. దీనికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, ఎక్కువమందిలో రెండు వారాలు. మా క్లాసు లెక్క అలాగే సరిపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. మొదటి పొక్కు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే బిడ్డ నుంచి ఇతరులకు అంటుకుంటుంది. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. ఇంతకుముందు రానివాళ్లు, టీకా లేనివాళ్లు ఒకే ఇంట్లో పది మంది ఉంటే తొమ్మిది మంది దాకా పట్టుకోగల వైరస్ ఇది.

‘‘అయితే పొక్కులు కనపడేసరికే అందరికీ అంటేసి ఉంటుంది కదా, ఇంక ఆపి లాభమేంటి?’’ అని ఒక అమ్మగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ మొదటి రెండు రోజులు మన చేతిలో లేవు. ఆ తర్వాతి ఐదారు రోజులు మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైనది, టీకా వేయించుకోని పిల్లలకు ఆటలమ్మ ఉన్నవాళ్లతో కలిసిన 3 రోజుల్లో, మరీ ఆలస్యమైతే 5 రోజుల్లో టీకా వేయిస్తే జబ్బు రాకుండా ఆగవచ్చు, వచ్చినా తేలికగా పోవచ్చు. అంటే మిగతా నలభై ఇళ్లకు అదే రోజు కబురు అందాలి.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆ రోజు బాబును ఇంటికి పంపానే గానీ మిగతా పేరెంట్స్‌కు చెప్పలేదు. టెస్టుల మధ్యలో అందరూ కంగారుపడతారని ఊరుకున్నాను. ఆ మూడు రోజులూ నా వల్లే పోయాయి. ఆ గదిలో ఇన్విజిలేషన్ చేసిన టీచర్ ఆరో నెల గర్భవతి. విషయం ఆవిడకు స్టాఫ్ రూమ్ మాటల్లో తెలిసింది. చిన్నప్పుడే వచ్చి పోయింది కాబట్టి బతికిపోయాం. పిల్లలకు చాలావరకు వారం దురదతో పోయేదే అయినా, గర్భిణులకు, పసికందులకు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు అలా పోదు. పెద్దవాళ్లకు న్యుమోనియా దాకా వెళ్లవచ్చు.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండ కట్టేవాళ్లు. ఇంట్లో తాలింపు బంద్. బయటివాళ్లు లోపలికి రారు, ఇంట్లోవాళ్లు పేరంటానికి పోరు. వేపాకు వైరస్‌ను చంపుతుందని నేను క్లాసులో చెప్పను. కానీ ఆ వేపమండ వీధి మొత్తానికి పెట్టిన బోర్డు. పెద్దమ్మవారు, అంటే మశూచి, ఇళ్లకు ఇళ్లే ఖాళీ చేసిన రోజుల జాగ్రత్త అది. మశూచి 1980 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. అపార్ట్‌మెంట్లకు వచ్చాక మనం వేపమండ తీసేశాం. దాని స్థానంలో పౌడర్ పెట్టాం! అమ్మమ్మ పద్ధతిలో నేను మార్చేది ఒక్కటే. ఐదో రోజో తొమ్మిదో రోజో తలకు నీళ్లు పోసేశాం కాబట్టి అయిపోయిందని స్కూలుకు పంపకండి. రోజులు కాదు, పెచ్చులు చూడండి. జ్వరానికి ఆస్పిరిన్ మాత్రం వద్దు, ఈ వైరస్ ఉన్న పిల్లల్లో అది కాలేయానికి, మెదడుకు ప్రమాదం తేవచ్చు.

ఈ వారం ఒకసారి టీకా కార్డు తీసి చూడండి. ప్రభుత్వం ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో తట్టు టీకా ఉంది, ఆటలమ్మది లేదు. పిల్లల డాక్టర్లు రెండు డోసులు సూచిస్తారు, ఖర్చు మనదే. చిన్నప్పుడు తప్పిపోయినా ఇప్పుడు వేయించవచ్చు.

అటెండెన్స్ సర్టిఫికెట్ ఆపేయమని, జబ్బుతో టెస్ట్ పోయిన పిల్లలకు మార్కులు తగ్గించకుండా మళ్లీ పెట్టమని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఇంకా నిర్ణయం రాలేదు. ఒక్క టీచర్ అడిగితే సరిపోదు, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మీరూ అడగండి. పరీక్షల కాలమూ ఆటలమ్మ కాలమూ మన దగ్గర ఒకటే. పిల్లవాడి ఒంటి మీద పొక్కుకూ ర్యాంకుకూ మధ్య ఏ తల్లినీ తండ్రినీ నిలబెట్టకూడదు.

ఈలోపు నా క్లాసు వరకు నేను చేయగలిగింది ఇది. పొక్కు కనపడిన ఉదయం డైరీలో కాదు, నా ఫోన్‌కే ‘ఆటలమ్మ’ అని ఒక్క మాట పంపండి. పిల్లల పేరు ఎవరికీ చెప్పను. ‘మన సెక్షన్‌లో ఒకరికి వచ్చింది’ అని మాత్రం ఆ గంటలోనే గ్రూప్‌లో పెడతాను. ఆ రోజు క్వశ్చన్ పేపర్ మీ బిడ్డ కోసం నా టేబుల్ సొరుగులో ఉంటుంది.