రైఫిలు వలదు, న్యాయము కావలయును

అమెరికాలో పలుచోట్ల విదేశీసైన్యములు వాడి విడిచిన రైఫిలును సామాన్యుడు చవుకగా కొని కాల్చుకొనగలడు. మన దేశమున సైనికరకపు రైఫిలు సామాన్యునకు నిషిద్ధము. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల రైతునకును అది వలదనియే మా యభిప్రాయము. వానికి కావలసినది పంటరక్షణము.

1878 నాటి ఆయుధశాసనము తెల్లవారికి మినహాయింపు నొసగి భారతీయుని నిరాయుధుని జేసెను. 1959 నాటి శాసనము, నిరాకరణకు తగిన కారణము లేనిచో, పైరు కాచుకొనుటకు మందు కూరి పేల్చు తుపాకికి లైసెన్సు ‘ఈయవలయును’ అనినదే కాని ‘ఈయవచ్చును’ అనలేదు. అయినను, 1972 నాటి వన్యప్రాణి శాసనము ననుసరించి అడవిపందిని కాల్చుటకు అటవీశాఖవారి లిఖితానుమతి వేఱుగ కావలయును.

చేనిలో జొరబడు పంది రెండు కచేరీల ముద్రలకై వేచియుండునా? ఈ రెండు దరఖాస్తులను తాలూకా కచేరియందే ఒక్కమారు స్వీకరించి, గడువులోపల నిర్ణయము తెలుపుట ప్రభుత్వమునకు విధి.