పేరును గాదు, నాదమును వినుడు

మా పాఠశాల వార్షికోత్సవపు సాధనల కాలమున జరిగిన యొక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణమైనది. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన పినతండ్రి వాడి విడిచిన విద్యుత్ గిటారును సాధనకు తెచ్చెను. దానికి అమర్చిన పికప్పు సన్ననిది. తోడి బాలురు చిత్రములలో చూచిన వెడల్పుపాటి దానివలె లేదు. వారు నవ్విరి. మరునాడు వాని తండ్రిగారు మాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, పేరుగల పికప్పే కావలెనని పిల్లవాడు అన్నము మానినాడు. అప్పు చేసియైనను కొనవలసినదేనా?" అని యడిగిరి. మేమును ఆ సన్నని పికప్పును చూచి, దాని నాదమును బలహీనమై యుండునని మొదట తలచితిమని ఒప్పుకొనవలెను. విని చూచిన పిమ్మట మా తలంపు మారినది. ఆ ప్రశ్నకు మా యుత్తరము తలిదండ్రులందఱికిని పనికివచ్చునని యిచ్చట వ్రాయుచున్నాము.

అయస్కాంతమును, దానితో కూడిన వేలకొలది చుట్ల సన్నని రాగితీగయు కలిసి పికప్పగును. ఉక్కు తంత్రి కదలినప్పుడు తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రము మారి, అందు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన సూత్రమే యిది. అయితే ఆ చుట్ట తంత్రులనే గాక గదిలోని విద్యుత్ పరికరముల క్షేత్రమును గూడ గ్రహించును. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తములు గలది, అమెరికాలో 60. అందుచే ఝుమ్మను రొద యెడతెగక వినవచ్చును. రెండు చుట్టలను జతచేసి, వాని అయస్కాంత ధ్రువములను, చుట్టుదిశలను ఒండొంటికి ఎదురుగా నుంచినచో, రొద రెండింట ఎదురెదురై రద్దగును. తంత్రినాదము మాత్రము కూడుకొనును. ఇదియే హంబకరు.

వీనిలో మిక్కిలి పేరుగన్నది గిబ్సన్ కంపెనీ వారిది. సేత్ లవర్ అను ఇంజనీరు దానిని రూపొందించి 1955లో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. 1957లో అది గిటార్లపై వెలువడినది. పేటెంటు వచ్చినది 1959లో. ఆ నడుమ 'పేటెంటుకు దరఖాస్తు చేయబడినది' అని ఆంగ్లమున వ్రాసిన చీటిని అడుగున అంటించిరి. ఆ మాటల మొదటి అక్షరములచే దానికి పీ.ఏ.ఎఫ్. అను పేరు నిలిచినది. దాని నాదము నిండైనది, గంభీరమైనది. రెండు చుట్టలు తంత్రిని రెండు తావుల వినుటచే అతి సూక్ష్మమైన పై స్వరములు కొంత తగ్గును, నాదము మెత్తబడును. ఏకాకిగా దీర్ఘస్వరము పలికింప దలచువారికి అది మేలైనదే. దాని కీర్తిని మేము కాదనము. ఆ కీర్తి తక్కినవానిని కప్పివేయుటయే మాకు న్యాయముగా తోచదు.

అదే కాలమున రే బట్స్ అను మఱియొకడు ప్రసిద్ధ వాదకుడు చెట్ అట్కిన్స్ కొఱకు రొదలేని పికప్పును వేరుగా చేసెను. గ్రెచ్ కంపెనీ దానిని ఫిల్టర్‌ట్రాన్ అను పేర 1957లో విడుదల చేసినది. అందు చుట్టలు ఇఱుకు, చుట్లు తక్కువ. పీ.ఏ.ఎఫ్. నిరోధము సుమారు 7 మొదలు 9 వేల ఓములు కాగా, దీనిది 4 వేల ప్రాంతము. నాదము తేటగా, గలగలలాడుచు నుండును. అన్ని తంత్రులను ఒక్కసారి మీటినను ఏ తంత్రి పలుకు ఆ తంత్రిదే.

మినీ హంబకరు ఎపిఫోన్ గిటార్లతో ప్రచారమునకు వచ్చి, 1969లో గిబ్సన్ వారి లెస్ పాల్ డీలక్స్ పైకి ఎక్కెను. సన్ననిదగుటచే తంత్రియొక్క కొద్ది భాగమునే వినును; అందువలన పదును మిగులును. 1963లో వెలువడిన ఫైర్‌బర్డ్ గిటారుది చూపునకు ఇట్టిదే. కాని అందు అయస్కాంతపు కడ్డీలను చుట్టల లోపలనే నిలిపిరి. దాని పలుకు మఱింత పదునైనది. రెండింటి ముఖము ఒకటే, స్వభావము వేరు!

సేత్ లవర్ 1967లో ఫెండర్ కంపెనీలో చేరి, 1970 దశకపు ఆరంభమున వైడ్ రేంజ్ అను హంబకరును చేసెను. ఫెండర్ వారికి సహజమైన తేటదనము పోకుండ రొదను మాత్రము తొలగింపవలెనని ఉద్దేశము. రాగి, నికెలు, ఇనుము కలిసిన కునిఫే అను లోహమును వాడిరి. ఆల్నికో పెళుసైనది, మరమేకుగా కోయుట కష్టము, కునిఫేను కోయవచ్చును. అందుచే మరమేకులే అయస్కాంతములైనవి. 1980 ప్రాంతమున దాని తయారీ నిలిచిపోయెను. పిమ్మట అదే పేర, అదే కప్పుతో వచ్చినవానిలో చాలవాటికి లోపల సాధారణ హంబకరువలె అడుగున కడ్డీ అయస్కాంతమే యుండెను. పాతదాని నాదమెరిగినవారు భేదమును కనిపెట్టిరి. తుదకు 2020 ప్రాంతమున ఆ కంపెనీయే కునిఫేను మరల తెచ్చినది. పేరు నాదము నీయదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఓముల సంఖ్యను చూచి కొనువారును కలరు. సన్నని తీగ వాడినచో చుట్లు పెరుగకయే నిరోధము పెరుగును. బస్తా తూకమును బట్టి అన్నపు రుచి చెప్పవచ్చునా? అయస్కాంతపు జాతి, చుట్టల ఆకారము, గిటారు నుండి పెట్టెకు పోవు తీగ పొడవు, ఆ పెట్టెలోని స్పీకరు, ఇవన్నియు నాదమున పాలుగలవే.

కాబట్టి పోల్చువారు ఒకే పెట్టెతో, ఒకే వాదకునిచే, ఒకే స్థానమున నున్న పికప్పులనే పోల్చవలెను. బ్రిడ్జికి చేరువనున్నది పదునుగాను, దూరమున నున్నది మెత్తగాను పలుకుట సహజము. ఆ రెండింటిని పోల్చుట న్యాయము గాదు. వినునపుడు కన్నులు మూసికొనుట మంచిది. ఇంకొక మాట: పికప్పు తంత్రులకు అతి చేరువైనచో అయస్కాంతము తంత్రిని లాగి శ్రుతిని చెఱచును. మరమేకును కొంచెము త్రిప్పి దించుటకు కానీ ఖర్చు లేదు.

ఆ బాలుని గిటారునకు మేము చేసినదియు అంతే. వార్షికోత్సవమునాడు వాడు వయొలిను, తబలాల నడుమ వాయించెను. ఆ సన్నని పికప్పు దేనిని కప్పక, తాను మఱుగుపడక, తన పాలు తాను పలికినది. నవ్విన బాలురే తెరచాటున దానిని చేతికి తీసికొని పరీక్షించిరి.

తండ్రిగారికి మేము చెప్పిన యుత్తరము ఇది: అప్పు చేయవలదు. మొదట పిల్లవానికి వినుట నేర్పింపుడు. విన్న పిమ్మట, వాడు వాయించు సంగీతమునకు మఱియొకటి కావలెనని వాని చెవియే చెప్పినచో, అప్పుడు యోచింతము.