ఆరోగ్య రొట్టెతో పాటు మందు మాటా చెప్పండి

ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు రోగి ఒంటి మీద ఏమీ ఉండకూడదు. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడు అన్నీ తీయించాలి. అది స్టాఫ్ నర్సు పని. బంగారం ఇవ్వమంటే మారుమాట లేకుండా ఇచ్చేవాళ్లు కూడా తాయెత్తు దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి లాక్కుంటారు. "సిస్టరమ్మా, ఇది మాత్రం వద్దు" అంటారు. కొందరు డాక్టర్లకు అక్కడ ఒళ్లు మండుతుంది, కత్తెర తెమ్మంటారు. నేనెప్పుడూ కత్తెర జోలికి పోలేదు. ముడి విప్పి, దూదిలో చుట్టి, తల్లి చేతిలోనో భార్య చేతిలోనో పెట్టి, "బయటికి రాగానే మళ్లీ కట్టుకుందువులే" అనేదాన్ని. ఆ మాటతో రోగి నాడి కాస్త నెమ్మదించడం వేలి కింద తెలిసేది.

నేను ఆదివారం చర్చికి పోయే మనిషిని. ఉద్యోగమంతా నెల్లూరు జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లోనే గడిచింది. మా వార్డుకు వచ్చేవాళ్లు నేరుగా మా దగ్గరికే వస్తారని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఈ జిల్లా తెలియదన్నమాట. కసుమూరు మస్తాన్‌వలి దర్గాలో మొక్కుకుని, గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో శనివారం రాత్రి నిద్ర చేసి, పాస్టరుగారితో ప్రార్థన చేయించిన నూనె రాసుకుని, ఆ తర్వాత ఓపీ చీటీ కోసం లైనులో నిలబడతారు. ఒకే మనిషి, ఒకే జబ్బు. ఇందులో వాళ్లకు తేడా ఏమీ కనిపించదు. నాకూ కొన్నాళ్లకు కనిపించడం మానేసింది.

దేవుడున్నాడా లేడా అన్న వాదన మంచం పక్కన నిలబడినవాళ్లకు అక్కరకు రాదు. అక్కడ పనికొచ్చే ప్రశ్న వేరు. ఈ మనిషి నమ్మకం రేపు పొద్దున మాత్ర మింగిస్తుందా, మాన్పిస్తుందా? నేను నమ్మకాలను తూచేది ఆ ఒక్క తక్కెడతోనే. ఆ లెక్కన చూస్తే మా ఊరి రొట్టెల పండుగను మించింది నాకు కనిపించలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా ఉంది. యుద్ధంలో ప్రాణాలిచ్చిన పన్నెండుమంది సమాధులవి. మొహర్రం నెలలో అక్కడ పండుగ జరుగుతుంది. చాంద్రమానం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జులై నడుమ వచ్చింది, 2025లో జులై మొదటివారంలోనే వచ్చేసింది. ఊళ్లో చెప్పుకునే కథ ప్రకారం ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేసింది. బట్టలుతుక్కునే దంపతులు చెరువు గట్టున నిద్రపోతే, ఆ సమాధుల మట్టి రాస్తే నయమవుతుందని కల వచ్చింది. అలా నయమయ్యాక మొదలైందట ఈ రొట్టెల ఆనవాయితీ. కథలో నిజమెంతో చరిత్రకారులు చూసుకుంటారు. జబ్బుతో మొదలైన పండుగ అన్నది మాత్రం నర్సుగా నాకు నచ్చింది.

జరిగే పద్ధతి చాలా తేలిక. కోరిక ఉన్నవాళ్లు తలమీద గుడ్డ కప్పుకుని నీళ్లలోకి దిగుతారు. నిరుడో ముందటేడో అదే కోరికతో వచ్చి, అది తీరినవాళ్లు ఇంట్లో కాల్చిన రొట్టె తెచ్చి అక్కడే నిలబడి ఉంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, విదేశీ రొట్టె, ఆరోగ్య రొట్టె. పేరు పెట్టి కేకేస్తారు. కావలసినవాళ్లు నీళ్లు తోసుకుంటూ వచ్చి అందుకుని తింటారు. కోరిక తీరితే మళ్లీ వచ్చి, తామూ ఒక రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. అంతే. ఆంధ్ర, తెలంగాణతో పాటు తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి వస్తారు. దర్గా ముస్లింలదే అయినా నీళ్లలో బొట్టు పెట్టుకున్న మొహాలే ఎక్కువ. ఇచ్చేవాడి కులమేమిటని తీసుకునేవాడు అడగగా నేను వినలేదు. బయట ఇదే మనుషులు ఎన్ని అడుగుతారో మీకు తెలుసు.

నన్ను కట్టిపడేసింది ఆ కేక. వార్డులో ఏ రోగీ తన జబ్బు పేరు పైకి చెప్పడు. టీబీ అని తేలితే పక్క మంచానికి "దగ్గు, ఆయాసం" అని చెబుతాడు. పిల్లలు లేరని వచ్చిన ఆడమనిషి కడుపునొప్పి అని చీటీ రాయించుకుంటుంది. నలుగురిలో నోరు విప్పితే చిన్నతనమని భయం. అదే మనుషులు ఆ చెరువులో వేలమంది మధ్య నిలబడి "సంతాన రొట్టె, సంతాన రొట్టె" అని అడుగుతారు. సిగ్గుపడరు. ఎందుకంటే ఎదుటివాడూ అదే అడిగి వచ్చినవాడు. ఇంకొకటి, అక్కడ మొక్కు తీరేది హుండీలో డబ్బు వేస్తే కాదు. తనలాగే అల్లాడుతున్న ఇంకో మనిషిని వెతికి చేతిలో పెట్టాలి. ఇంత మంచి కట్టుబాటు పెద్ద చదువులు చదివినవాళ్లెవరూ కనిపెట్టలేదు.

హేతువాదులు ఒక మాట అంటారు, అది నిజమే. ఆ నీళ్లలో రొట్టె పట్టుకుని కనిపించేది కోరిక తీరినవాళ్లే. తీరనివాళ్లు రొట్టె ఇవ్వడానికి రారు, కాబట్టి లెక్కకు అందరు. కనుక రొట్టె తింటే జబ్బు తగ్గుతుందనడానికి అది రుజువు కాదు. నేనూ రుజువని చెప్పడం లేదు. కానీ తగ్గినవాడిని కళ్లారా చూడటం వేరు, తగ్గుతుందని డాక్టరు చెప్పగా వినడం వేరు. మామూలు టీబీకి ఆరు నెలలు మందు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంట్లో బాగుంటుంది. సరిగ్గా అక్కడే మానేస్తారు. మానేస్తే జబ్బు మొండికేసి, మామూలు మందులకు లొంగకుండా పోవచ్చు. మిగతా నాలుగు నెలలు లాగించడానికి మా ఉపన్యాసాలు చాలవు. ఆ జబ్బుతో బక్కచిక్కి, బాగుపడి, పచ్చగా ఎదుట నిలబడినవాడి మాట చాలు.

నమ్మకం మందును మాన్పిస్తే మాత్రం నేను సహించను. కుక్క కరిస్తే సబ్బుతో పావుగంట నీళ్ల కింద కడిగి, ఆ రోజే టీకా వేయించాలి. మంత్రం వేయించుకుని, పసరు పూయించుకుని, నీళ్లు చూసి బెదిరే దశలో తీసుకొస్తే ఎవరూ ఏమీ చేయలేరు. పాము కాటు కూడా అంతే. అక్కడ స్వామి అయినా సాయిబు అయినా పాస్టరయినా ఆసుపత్రి తర్వాతే.

ఇంకా ఘోరం ఏర్వాడి. తమిళనాడు రామనాథపురం జిల్లాలో దర్గా ఉన్న ఊరు. మతిస్థిమితం లేనివాళ్లను అక్కడికి తెచ్చి వదిలిపోయేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడి ఒక ప్రైవేటు ఆశ్రమంలో, తాటాకుల పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. సంకెళ్లను ఏ రూపంలోనూ వేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అయినా ఇప్పటికీ ఇంటి వెనక పాకలో కట్టేసిన కొడుకుల గురించి వార్డులో గుసగుసగా చెప్పే తల్లులున్నారు.

అయితే ఏర్వాడితోనే కథ ముగియలేదు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ దర్గాను చూసుకునే ముజావర్లూ మానసిక వైద్యులూ కలిసి పని మొదలుపెట్టారు. ప్రార్థన ముజావరు చేస్తాడు, ఆయనే రోగిని పక్కనున్న డాక్టరు దగ్గరికి పంపుతాడు. దవా, దువా, అంటే మందూ ప్రార్థనా రెండూ అన్నమాట. తర్వాత ఏర్వాడిలోనూ తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి క్లినిక్ పెట్టింది. డాక్టరు చెబితే వినని ఇల్లు ముజావరు చెబితే వింటుంది. దీన్ని ఒప్పుకోవడానికి మా వైద్యశాఖ నామోషీ పడనక్కర్లేదు.

మా రొట్టెల పండుగకు ప్రభుత్వం చాలా చేస్తుంది. బారికేడ్లు, షవర్లు, పోలీసులు, మెడికల్ క్యాంపు, అన్నీ ఉంటాయి. ఇంకొక్కటి చేయమంటాను. ఒక బల్ల, ఒక నర్సు, షుగరు చూసే మిషను, కళ్లె పరీక్షకు డబ్బాలు ఆరోగ్య రొట్టెల ఘాట్ మెట్ల పక్కనే పెట్టండి. జబ్బుందని నోరు తెరిచి చెప్పుకునే మనుషులు అంతమంది ఒకచోట మీకు ఇంకెక్కడా దొరకరు.

వచ్చే మొహర్రంకు ఆరోగ్య రొట్టె తెచ్చే అన్నలకూ అక్కలకూ నా మనవి ఒక్కటే. రొట్టె చేతిలో పెట్టేటప్పుడు ఏ ఆసుపత్రికి పోయారో, ఏ మందు ఎన్ని నెలలు మింగారో, మధ్యలో మానేయాలనిపిస్తే ఎలా ఓర్చుకున్నారో అదీ చెప్పండి. మందుతో తగ్గిందంటే షహీదులు నొచ్చుకోరు.