శాస్త్రము తెలుగున ఒదుగదా?

విజ్ఞానశాస్త్రము చదువవలెనన్న తెలుగు మాధ్యమము చాలదని కొందరు తల్లిదండ్రులు మాతో అనుచుందురు. కన్నడ సీమలో తరతరములుగా స్థిరపడిన మనకు ఇంట తెలుగు, వీధిలో కన్నడము, పై చదువులకు ఇంగ్లీషు కావలయును. మూడును నేర్వవలసినవే. కాని శాస్త్రము తెలుగున ఒదుగదనుటను మేము అంగీకరింపజాలము. వాదముకంటె పరీక్ష మేలు గనుక, కఠినమని పేరుపడిన విషయము నొకదానిని ఎత్తుకొందము.

హైడ్రోజను మొదలగు కొన్ని పరమాణువుల కేంద్రకములు చిన్న అయస్కాంతములవలె ప్రవర్తించును. వానిని బలమైన అయస్కాంతము నడుమ నుంచి తగిన రేడియో తరంగమును పంపినచో, బదులు పలుకును. ఒక్కొక్క కేంద్రకము తన ఇరుగుపొరుగు పరమాణువులనుబట్టి ఇంచుక భిన్నముగా పలుకును. ఆ పలుకులనుండి అణువు నిర్మాణమును గ్రహించు విద్యకు కేంద్రక అయస్కాంత అనునాదము ఆధారము, దానినే ఎన్.ఎం.ఆర్. అందురు. దీనిని 1946లో వేర్వేరుగా ప్రకటించిన బ్లాక్, పర్సెల్ అను శాస్త్రజ్ఞులకు 1952లో నోబెల్ బహుమానము లభించినది.

సామాన్యముగా ద్రావణమును 5 మిల్లీమీటర్ల లావుగల గాజు గొట్టమున నింపి అయస్కాంతములోనికి దింపుదురు. కొలిచిన పిదప తీసి మరియొకటి దింపుదురు. నమూనాలు వందలకొలది యున్నచో ఎంత శ్రమ! ప్రవాహ ప్రోబు ఆ శ్రమను తగ్గించును. ఇందు తీగచుట్ట నడుమ చిన్న గాజు గది స్థిరముగా నుండును. యంత్రపు చేయి 96 గుంటల పలకనుండి ద్రావణమును సూదితో పీల్చి, సన్నని నాళముగుండ ఆ గదిలోనికి నెట్టును. కొలత ముగియగనే దానిని వెలికి తీసి, నాళమును కడిగి, తరువాతి దానిని పంపును. రాత్రియెల్ల మనిషి లేకయే పని సాగును. ఆ నాళమును రసాయనచర్య జరుగుచున్న పాత్రకే కలిపినచో, ఏ పదార్థము తరుగుచున్నదో, ఏది పెరుగుచున్నదో అప్పటికప్పుడే చూడవచ్చును.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. ప్రవహించు ద్రవములలోని ఈ అనునాదమును గూర్చి 1951లోనే బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునుండి జి. సూర్యన్ తన ప్రయోగములను ప్రకటించెను. రేడియో తరంగములచే అలసిన కేంద్రకములు ముందుకు సాగిపోవును. అలయనివి వచ్చి వాని చోట నిలుచును. అందుచే సంకేతము బలపడును. అయినను ద్రవము మరీ వడిగా పారరాదు. అయస్కాంతమునకు లోబడి సర్దుకొనుటకు కేంద్రకములకు కొంత వ్యవధి కావలయును గదా!

అన్నియు యంత్రమే చేయునప్పుడు మనిషికి తెలివి యేల యని అడుగవచ్చును. నాళమును చక్కగా కడుగనిచో మునుపటి ద్రావణపు శేషము తరువాతి దానిలో కలియును. గాలిబుడగ చిక్కినచో వర్ణపటములోని రేఖలు చెదరును. నలుసులు పేరినచో నాళము పూడును. అప్పుడును యంత్రము ఏదో యొక పటమును గీసి యిచ్చును. మీటల వరుసను మాత్రము వల్లించినవాడు దానిని నమ్మును. కారణము తెలిసినవాడు “ఇది ఇట్లేల వచ్చినది?” అని అడుగును.

ఆ ప్రశ్న అడుగు అలవాటు చిన్ననాడు, తెలిసిన భాషలో కలుగవలెను. పై తరగతుల గ్రంథములు ఇంగ్లీషున నున్నమాట నిజమే. కాని పునాది అర్థమైనవానికి ఆ పదములను నేర్చుట కొన్ని నెలల పని. పునాది లేనివానికి పదములెన్ని వచ్చినను ఫలము లేదు. పైన మేము తరంగము, నాళము అను మన మాటలను వాడితిమి. హైడ్రోజను, ప్రోబు అనువానిని అరువు తెచ్చుకొంటిమి. అరువు మాటలచే భాష చెడదు.

తల్లిదండ్రులారా! పిల్లలు పాఠము చదివి వచ్చినప్పుడు దానిని మన మాటలలో చెప్పుమని అడుగుడు. చెప్పలేకున్నచో మరల చదివింపుడు. విద్యార్థులారా! కన్నడమును, ఇంగ్లీషును శ్రద్ధతో నేర్వుడు. కాని అర్థము కానిదానిని వచ్చినదనుకొని ముందుకు పోకుడు.