విధ్వంసమే వినోదమా?

పిల్లలు ఆటలో దొంగ అవుతారు, పోలీసు అవుతారు, రాజు అవుతారు. ఇది మన తాతల కాలం నుంచీ ఉన్నదే. కాని ఈ తరం వీడియో గేములు కొన్నింటిలో పిల్లవాడు మనిషిగానే ఉండడు. సుడిగాలి అవుతాడు, వరద అవుతాడు, భూకంపం అవుతాడు. ఊళ్లు కూల్చడమే అతని పని. ఎంత ఎక్కువ కూలిస్తే అంత గొప్ప.

వీటి గురించి అడిగితే తల్లిదండ్రులు రెండు రకాలుగా జవాబిస్తున్నారు. ‘ఆటే కదా, ఆడుకోనివ్వండి’ అని కొందరు. ‘హరామ్, ముందు ఫోను లాక్కోండి’ అని మరికొందరు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వడం నా పని కాదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. తీర్పు చెప్పేముందు ఆటలో ఏముందో చూడాలి కదా!

ఒక్క ఆటనే ఉదాహరణగా తీసుకుందాం. దాని పేరు ‘టోర్నడో అవుట్‌బ్రేక్’. 2009లో వచ్చింది. లూజ్ కేనన్ స్టూడియోస్ తయారు చేయగా, జపాన్‌కు చెందిన కొనామీ కంపెనీ విడుదల చేసింది. టీవీకి తగిలించుకుని ఆడే ఆట ఇది. ఇందులో పిల్లవాడు జెఫిర్ అనే గాలి వీరుడు. మొదట చిన్న సుడి. చిన్నచిన్న వస్తువులను పగలగొడుతూ బలం పుంజుకుంటాడు. బలం పెరిగే కొద్దీ ఇంకా పెద్ద వాటి మీద పడతాడు. చివరికి ఇళ్లు, పెద్ద భవనాలు కూడా అతని చుట్టూ గిరగిర తిరుగుతాయి. అతనికి ఒకటే భయం, ఎండ. మబ్బు నీడ దాటి ఎండలోకి వస్తే ప్రమాదం. కనుక నీడను వదలకుండా, గడువు ముగిసేలోగా పని పూర్తి చేయాలి.

న్యాయంగా చెప్పుకోవాలంటే ఈ ఆటలో రక్తపాతం లేదు. అంతా బొమ్మల సినిమాలా నవ్వు పుట్టించేలా ఉంటుంది. మనుషులను తుపాకులతో కాల్చే ఆటలతో పోల్చితే ఇది ఎంతో నయం. మరి అభ్యంతరం దేనికి?

నా అభ్యంతరం ఆ పిల్లవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టారన్న దాని గురించే. అతణ్ణి గాలిలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి చూస్తే ఇల్లు ఇల్లులా కనిపించదు. పగలగొట్టవలసిన ఒక వస్తువుగానే కనిపిస్తుంది. ఆటను తయారు చేసినవారు గాలికి భయం పెట్టారు, దాక్కోవడానికి నీడ కూడా ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం పేరు లేదు, మాట లేదు. గాలి గురించి ఆందోళన పడడం ఆ పిల్లవాడు నేర్చుకుంటాడు. ఇంటి గురించి ఆందోళన పడే సందర్భమే అతనికి రాదు.

ఒకసారి టీవీలో తుపాను వార్తలు వస్తున్నాయి. చెట్లు వంగిపోతున్నాయి, రేకులు ఎగిరిపోతున్నాయి. నా దగ్గర చదువుకునే పన్నెండేళ్ల పిల్లవాడు ఒకడు చూస్తూ, ‘ఉస్తాద్, ఇంకా పెద్ద బిల్డింగు ఒక్కటీ పడలేదే!’ అన్నాడు. వాడు చెడ్డ పిల్లవాడు కాడు. గల్లీలో కుక్కపిల్ల కుంటుతుంటే కన్నీళ్లు పెట్టుకునేవాడు. కాని ఆ క్షణంలో వాడు గాలి పక్షాన నిలబడి చూస్తున్నాడు. మన తల్లిదండ్రులు భయపడవలసింది ఆ మాటకు.

కూలినవాటిని లెక్కపెట్టడమే తప్పా? కాదు. సుడిగాలుల శాస్త్రం మొత్తం ఆ లెక్క మీదే నిలబడి ఉంది. జపాన్‌లో పుట్టిన టెట్సుయా ఫుజితా అనే శాస్త్రవేత్త 1945లో హిరోషిమా, నాగసాకి నగరాల్లో అణుబాంబులు మిగిల్చిన విధ్వంసాన్ని పరిశీలించారు. తరువాత అమెరికా వెళ్లి షికాగో విశ్వవిద్యాలయంలో సుడిగాలుల మీద పరిశోధన చేశారు. సుడిగాలి లోపలికి వెళ్లి వేగం కొలవడం చాలా కష్టం. అందుకని అది వెళ్లిపోయాక ఏమేమి, ఎంతెంత దెబ్బతిన్నాయో చూసి దాని బలాన్ని అంచనా కట్టే పద్ధతిని ఆయన 1971లో రూపొందించారు. దాన్ని సవరించి 2007 నుంచి అమెరికాలో వాడుతున్నారు. అందులో పరిశీలించవలసినవి 28 రకాలు. ఇళ్లు, పశువుల కొట్టాలు, బడులు, చెట్లు ఆ జాబితాలో ఉన్నాయి.

చూశారా? ఆటలో పిల్లవాడు పగలగొట్టేవీ, శాస్త్రవేత్త లెక్కపెట్టేవీ ఇంచుమించు ఒకటే. ఒకరు లెక్కపెట్టేది తన బలం చూసుకోవడానికి. మరొకరు లెక్కపెట్టేది రాబోయే గాలికి మనుషులను కాపాడుకోవడానికి. ఫుజితా గారు నేలకొరిగిన చెట్ల వరుసలను చూసి, మేఘం నుంచి హఠాత్తుగా కిందికి విరుచుకుపడే గాలిని గుర్తించారు. ఆ జ్ఞానం వల్ల విమాన ప్రయాణం ఎంతో క్షేమకరమైంది. కర్మలు సంకల్పాన్ని బట్టే ఉంటాయని మన పిల్లలకు మొదటి పాఠాల్లోనే చెబుతాం. దానికి ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం ఏముంటుంది?

ఆటలు తయారు చేసేవారిలోనూ ఈ మార్పు వచ్చిన మనిషి ఉన్నాడు. విల్ రైట్ అనే అమెరికన్ 1989లో ‘సిమ్ సిటీ’ అనే ఆట విడుదల చేశాడు. అందులో మనమే నగరం కట్టాలి. విసుగు పుడితే జాబితాలో నుంచి ఒక ఉపద్రవాన్ని ఎంచుకుని నగరం మీదికి వదలవచ్చు. అగ్నిప్రమాదం, వరద, సుడిగాలి, భూకంపం, ఏది కావాలంటే అది. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల మీద నిజంగానే మంటలు లేచాయి. 25 మంది చనిపోయారు. సుమారు 3 వేల ఇళ్లు బూడిదయ్యాయి. కాలిపోయిన ఇళ్లలో విల్ రైట్ ఇల్లు కూడా ఒకటి. ఒక్కొక్క వస్తువే మళ్లీ కొనుక్కుంటూ, మనిషికి నిజంగా ఏమేమి అవసరమని ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆ ఆలోచన 2000 సంవత్సరంలో ‘ది సిమ్స్’ అనే ఆటకు దారి తీసింది. అందులో పైనుంచి కనిపించే నగరం లేదు. ఒక ఇల్లు, అందులో ఆకలి, నిద్ర, స్నేహం, ఒంటరితనం ఉన్న మనుషులు. అక్కడా వంటింట్లో మంట లేస్తుంది. కాని అప్పుడు ఆడేవాడి పని ఫైరింజన్‌ను పిలవడం. ఇల్లు కాలిన మనిషి ఇంటి లోపలి నుంచి చూడడం నేర్చుకున్నాడు. మన పిల్లలు అది నేర్చుకోవడానికి ఇల్లు కాలనక్కరలేదు. మనం చెబితే చాలు.

గాలి విషయంలో మనకు దొరికిన శిక్షణ ఎలాంటిదో గుర్తు చేసుకోండి. ఈదురుగాలి వీచినప్పుడు దైవప్రవక్త (స) అందులోని మేలును ప్రసాదించమని, అందులోని కీడు నుంచి కాపాడమని అల్లాహ్‌ను వేడుకునేవారు. ఆకాశంలో మేఘాలు కమ్ముకుంటే ఆయన ముఖంలో ఆందోళన కనిపించేదని, లోపలికీ బయటికీ తిరిగేవారని, వాన పడ్డాకే ఆయన మనసు కుదుటపడేదని హజ్రత్ ఆయిషా (ర) తెలియజేశారు. గాలిని తిట్టవద్దని కూడా ఆయన చెప్పారు. ఎందుకంటే ఊరిని కూల్చే గాలీ, పొలానికి వాన మోసుకొచ్చే గాలీ వేరువేరు కావు. రెండూ ఒకే ప్రభువు ఆజ్ఞకు లోబడినవి. ఈ ఆటల్లో గాలికి కూల్చడం ఒక్కటే తెలుసు. నైరుతి రుతుపవనం కోసం ఆకాశం వైపు చూసే రైతుకు గాలి అంటే ఏమిటో వాటిని ఆడే పిల్లవాడికి మనమే చెప్పాలి.

దీనికి పుస్తకాలు కొననక్కరలేదు. పాఠం మన ఇళ్లలోనే ఉంది. కృష్ణా జిల్లా తీరంలో చుట్టాలున్నవారు 1977 నవంబరు 19 గురించి పెద్దలను అడగండి. ఆనాటి దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముసలివారి నోట ఆ రాత్రి సంగతి చెప్పించండి.

హైదరాబాదులో ఉన్నవారు పిల్లలను ఉస్మానియా ఆసుపత్రి వైపు తీసుకువెళ్లండి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజు అక్కడి చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. వరద తీశాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన వరదకు కారణాలు వెదికి, మళ్లీ అంత నష్టం రాకుండా నదికి ఎగువన జలాశయాలు కట్టాలన్నారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. సెలవు రోజు గండిపేట కట్ట మీద పల్లీలు తినే పిల్లలకు ఆ కట్ట ఎందుకు కట్టారో చెప్పే పెద్దలు ఎంతమంది ఉన్నారు?

ఫోను లాక్కుంటే పిల్లవాడు పక్కింట్లో ఆడతాడు. అంతకంటే ఒకరోజు అతని పక్కన కూర్చోండి. అమ్మీ కూర్చున్నా సరే, అబ్బా కూర్చున్నా సరే. ఆట మొత్తం చూడండి. ముగిశాక మూడు ప్రశ్నలు అడగండి. ‘బేటా, ఆ ఇంట్లో ఎవరున్నారు? ఈ రాత్రి వాళ్లు ఎక్కడ పడుకుంటారు? దాన్ని మళ్లీ ఎవరు కడతారు?’ కోప్పడకండి, జవాబు మీరే చెప్పేయకండి. అతణ్ణి ఆలోచించనివ్వండి. ఆ తరువాత ఎక్కడైనా తుపానో వరదో వచ్చి మస్జిద్‌లో బాధితుల కోసం చందా పోగుచేస్తే, మీ జేబులోని నోటును పిల్లవాడి చేత వేయించండి. ఇంట్లో మిగులు దుప్పట్లుంటే అతని చేతే మడత పెట్టించండి. సుడిగాలి అయి వంద ఇళ్లు కూల్చిన చేతులకు ఒక్క దుప్పటి మడతపెట్టే పని కూడా దొరకాలి.

ఆ తరువాత కూడా పిల్లవాడు ఆ ఆట ఆడుకుంటే ఆడుకోనివ్వండి, నమాజు వేళ, చదువు వేళ తప్పకుండా. తెర మీది ఇల్లు కూలినప్పుడు నవ్వినా నష్టం లేదు. వార్తల్లోని ఇల్లు కూలినప్పుడు మాత్రం ఆ నవ్వు ఆగిపోవాలి. అది తల్లిదండ్రులు నేర్పవలసిన పాఠం.