వేషము మారినను వివేకము మారరాదు

మొన్నటి సెలవులలో మా యింట నొక చిన్న వివాదము జరిగెను. టెలివిజనులో ‘తుప్పరివాళన్’ అను తమిళ చిత్రము నడచుచుండెను. షెర్లాక్ హోమ్సు కథలను ఆంగ్లమున చదివిన మా యన్న అర్ధగంటకే విసుగుచెంది, “ఇతడు హోమ్సు కాడు. లండను లేదు, పొగమంచు లేదు. ఈ తన్నులాటలేమి?” యని లేచిపోయెను. హోమ్సు పేరైనను వినని మా అవ్వ మాత్రము కడవరకు కదలక కూర్చుండి, “వానికెట్ల తెలిసెరా?” యని నన్ను పలుమార్లు ప్రశ్నించెను. వీరిరువురిలో ఎవరి తీర్పు న్యాయమైనది? ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును పాఠక మిత్రుల ముందుంచుచున్నాను.

ఆర్థర్ కానన్ డాయిల్ అను వైద్యుడు 1887లో హోమ్సును లోకమునకు పరిచయము చేసెను. మొత్తము 4 నవలలు, 56 చిన్న కథలు వ్రాసెను. నడుమ విసుగుచెంది 1893లో ఆ పాత్రను జలపాతమున పడద్రోసి చంపగా పాఠకులు సహింపలేదు. పత్రికకు చందాలు మానినవారును కలరు. తుదకు 1903లో రచయిత అతనిని మరల బ్రతికింపవలసి వచ్చెను. సృష్టించిన వానికే ఆ పాత్రపై పూర్తి యధికారము లేకపోయెనన్నమాట!

ఇంకొక వింత గలదు. ‘అసలైన హోమ్సు’ అనగానే మన కన్నుల ముందు నిలుచు రూపమంతయు డాయిల్ కల్పించినది కాదు. చెవులు గల ఆ టోపీ సిడ్నీ పాజెట్ అను చిత్రకారుని బొమ్మలవలన ప్రసిద్ధమయ్యెను. ఆ వంకర పొగగొట్టము 1899లో విలియం గిల్లెట్ అను అమెరికను నటుడు నాటకరంగముపై ధరించినందున నిలిచెను. కావున మా యన్న కాపాడదలచిన ‘అసలు’ సైతము ఇతరులు మార్చి మనకందించినదే.

వెండితెరయు అట్లే చేసెను. 1939 మొదలు 1946 వరకు బాసిల్ రాత్‌బోన్ 14 చిత్రములలో హోమ్సుగా నటించెను. వానిలో మొదటి రెండే పాత కాలపు కథలు. తక్కినవానిలో హోమ్సు ఆనాటి ప్రపంచములోనికి వచ్చెను, కొన్నిట నాజీలతో పోరాడెను. 2010లో బి.బి.సి. ధారావాహికయందు అతని చేతికి సెల్‌ఫోను వచ్చెను. 2012లో మొదలైన అమెరికను ధారావాహికయందు అతడు న్యూయార్కు నివాసి. వాట్సను ఒక స్త్రీ. ప్రతిసారియు కొందరు పెదవి విరిచిరి. ప్రతిసారియు క్రొత్త ప్రేక్షకులు పుట్టి, పిదప మూలకథలను వెదకికొని చదివిరి.

మన ప్రాంతమునకు వత్తము. 2017లో మిష్కిన్ దర్శకత్వమున వచ్చిన ‘తుప్పరివాళన్’లో విశాల్ ధరించిన పాత్రకు కణియన్ పూంగుండ్రన్ అను సంగకాలపు కవి పేరు పెట్టబడినది. ఆ చిత్రమే ‘డిటెక్టివ్’ పేర తెలుగున కనువదింపబడినది. 2019లో నెల్లూరు వీధులలో తిరుగు ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ తెలుగున వచ్చి మన్ననలందెను. అది 2022లో ‘ఏజెంట్ కణ్ణాయిరమ్’గా తమిళమునకు పోయి అంతటి యాదరము పొందలేకపోయెను. 2024 డిసెంబరులో ‘శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్’ అను పేరుతోనే యొక చిత్రము విడుదలయ్యెను. లండను నగరమునకు శ్రీకాకుళమునకు ఎంత దూరము! అయినను ఆ పేరు విని తెలుగువాడు తెల్లబోడు, నవ్వుచు టిక్కెట్టు కొనును.

అయిన మార్పులన్నియు మేలైనవేనా? కావు. మా యన్న మాటలో కొంత సత్యము గలదు. హోమ్సు ప్రాణము అతని టోపీలో లేదు, ఊరిలో లేదు; చూచిన దానినుండి చూడనిదానిని ఊహించు పద్ధతిలో ఉన్నది. ఆనవాలు మనకును కనబడవలెను, మనము దానిని గుర్తింపకపోవలెను, అతడు గుర్తింపవలెను. ఆ న్యాయమును విడిచి, నాయకుడు సోదె చెప్పినట్లు దోషి పేరు చెప్పినను, బుద్ధి చేయవలసిన పని పిడికిలి చేసినను, లండనులోనే తీసినను అది హోమ్సు కథ కానేరదు.

ఈ పద్ధతికి మన సత్రపట్టి చాలదా? ఇచ్చట బ్యాండేజి గుడ్డ నేయు మరమగ్గములు ఎన్నియో కలవు. ఒకని తలవెండ్రుకలపై ప్రత్తి నూగు చూచి, బిగ్గరగా మాటలాడు అలవాటు గమనించి, “నీవు మగ్గముల చప్పుడులో పనిచేయువాడవు” అని చెప్పుటకు బేకరు వీధి అక్కరలేదు. డాయిల్ కథ యొకదానిలో పందెపు గుఱ్ఱము మాయమైన రాత్రి కాపలాకుక్క మొరుగదు. వచ్చినవాడు దానికి తెలిసినవాడే యని హోమ్సు గ్రహించును. రాజపాళయపు తెల్లకుక్కను పెంచిన ఏ యింటివాడు ఈ యుక్తిని ఎరుగడు? ‘తుప్పరివాళన్’లో ధనికుల పనులు త్రోసిపుచ్చిన పరిశోధకుడు, తన కుక్కను చంపినదెవరో కనుగొనుమని యొక బాలుడు వేడగా సమ్మతించును. మా అవ్వ మనసు కదలినదక్కడనే. అవ్వ యడిగిన “ఎట్ల తెలిసెరా?” అనునదే హోమ్సు కథకు అసలైన పరీక్ష. ఆ ప్రశ్న పుట్టించిన చిత్రము కొంతయైనను నెగ్గినట్లే.

ఈ చర్చ సినిమాతో ముగియునది కాదు. మన పూర్వులు శతాబ్దముల క్రిందట ఈ తమిళదేశమునకు వచ్చిరి. మన మాటలో తమిళపు పలుకులు కలిసినవి. ఆంధ్రదేశమునుండి వచ్చు బంధువులు మన తెలుగు విని చిరునవ్వు నవ్వుదురు, “ఇది తెలుగేనా?” యందురు. అప్పుడు మనకు కలుగు నొప్పి మనకే తెలియును. ఊరు మారినంత మాత్రమున మనము తెలుగువారము కాకపోలేదని వాదించు మనమే, ఊరు మారిన హోమ్సును పరాయివాడనుట తగునా?

కాని, సోదరులారా, దీనికొక షరతు గలదు. మూలమెరిగినవాడే మార్పును తూచగలడు. నన్నయను, వేమనను చదువక “మాదియు తెలుగే” యని గర్వించుట ఎట్టిదో, డాయిల్ కథ యొక్కటియు చదువక తెరపై హోమ్సును మెచ్చుటయు తెగడుటయు అట్టివే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధరును సైతము మనలో ఎందరెరుగుదురు? తమిళ చిత్రమును తమిళముగను, తెలుగు చిత్రమును తెలుగుగను చూచి రెంటిని పోల్చి తీర్పు చెప్పగల భాగ్యము మనకున్నది. రెండు భాషలు మనకు రెండు కన్నులు. ఒకటి మూసికొని చూచువాడు పరిశోధకుడు కాజాలడు.

మా యన్న మూలమెరిగియు లేచిపోయెను; మా అవ్వ మూలమెరుగకయు కడవరకు కూర్చుండెను. మూలము చదివి, ఆపైన అవ్వవలె కూర్చుండుటయే ఉత్తమమని నా యభిప్రాయము. ఈ సెలవులలో మా యన్న పుస్తకము నడిగి తీసికొంటిని. రాత్రులు అవ్వకు ఒక్కొక్క కథను మన తెలుగులో చెప్పుచున్నాను. కుక్క మొరుగని కథ విన్న రాత్రి ఆమె నాకంటె ముందుగనే దొంగను పట్టుకొనెను.